గెలిచిన కేసు, పోయిన అయిదేళ్ళు: ఒక బ్యాండ్ రెండో ఆల్బమ్ వెనక సంతకం కథ

పోయిన నెల మా ఖాలా కొడుకు ఇంటికొచ్చాడు. వయసు 20. దోస్తులతో కలిసి పాటలు కట్టి, ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. సగం దక్కనీ, సగం తెలుగు. మొన్నామధ్య ఒక పాట బాగానే తిరిగింది. దాంతో ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి అగ్రిమెంట్ వచ్చింది. 14 పేజీలు, మొత్తం ఇంగ్లీషు.

"భాయ్, నువ్వు బీకాం చదివినవ్ కదా, ఒక్కసారి చూడు. ఎల్లుండి సంతకం పెట్టమంటున్నరు" అన్నాడు.

చూశాను. అడ్వాన్సు ఎంతో మొదటి పేజీలోనే ఉంది. వాడు ఎన్ని పాటలు ఇవ్వాలో ఉంది. ఇంకెవరికీ పాడకూడదని కూడా ఉంది. కానీ ఈ కట్టు ఎన్నాళ్ళుంటుందో తేల్చి చెప్పలేదు. కంపెనీ కోరితే పొడిగించుకోవచ్చని మాత్రం రాశారు. వాడిచ్చిన పాటల్ని కంపెనీ తప్పకుండా విడుదల చేయాలన్న మాట 14 పేజీల్లో ఎక్కడా కనిపించలేదు.

నాకు వెంటనే ఇంగ్లండ్‌కు చెందిన ఒక బ్యాండ్ గుర్తొచ్చింది. పేరు ది స్టోన్ రోజెస్. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1989 మేలో వచ్చింది. రెండోది 1994 డిసెంబరులో వచ్చింది. మధ్యలో అయిదున్నరేళ్ళకు పైగా గడిచిపోయాయి. ఆ ఆలస్యం మొదలైంది ఒక సంతకం దగ్గర. కోర్టుకెళ్ళి గెలిచారు కూడా. అయినా పోయిన కాలం తిరిగి రాలేదు.

సంగీతం విషయంలో మన ఇళ్ళల్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఆ చర్చ ఇక్కడ కాదు. నాత్ చదివే అబ్బాయి, కామెడీ వీడియోలు చేసే కుర్రాడు, మెహందీ డిజైన్లు వేసి చూపించే అమ్మాయి, వీళ్ళందరి ముందుకూ ఈ రోజుల్లో ఇలాంటి కాగితాలు వస్తున్నాయి. అందుకే ఈ కథ తెలుసుకోవడం అవసరం.

నలుగురు కుర్రాళ్ళు, ఒక పెద్ద పేరు

స్టోన్ రోజెస్ మాంచెస్టర్ బ్యాండ్. 1983లో మొదలైంది. పేరొచ్చే నాటికి అందులో నలుగురున్నారు. ఇయాన్ బ్రౌన్ పాడతాడు, జాన్ స్క్వైర్ గిటార్ వాయిస్తాడు. మానీ అని పిలిచే గ్యారీ మౌన్‌ఫీల్డ్ బేస్ గిటార్, రెనీ అని పిలిచే ఆలన్ రెన్ డ్రమ్స్.

ఇలాంటి బ్యాండ్లను ఇండీ రాక్ అంటారు. ఇండీ అంటే ఇండిపెండెంట్. పెద్ద పెద్ద కార్పొరేట్ కంపెనీల కింద కాకుండా, చిన్న స్వతంత్ర లేబుళ్ళ ద్వారా పాటలు బయటికి తెచ్చేవాళ్ళకు వచ్చిన పేరు అది. తర్వాత తర్వాత అది ఒక సంగీత శైలికి పేరైపోయింది. చిన్న లేబుల్ కదా, మనవాళ్ళే కదా, మోసం ఉండదులే అనుకుంటారు కొత్తవాళ్ళు. కంపెనీ చిన్నదైతే కాగితం కూడా మెత్తగా ఉంటుందని ఏమీ లేదు.

1988లో ఈ బ్యాండ్ సిల్వర్‌టోన్ అనే లేబుల్‌తో ఒప్పందం చేసుకుంది. జోంబా అనే సంస్థకు చెందిన లేబుల్ అది. మరుసటి ఏడాది బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. మెల్లగా ఊపందుకుంది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 'ఫూల్స్ గోల్డ్' పాట బ్రిటన్ చార్టులో 8వ స్థానానికి చేరింది. 1990 మేలో స్పైక్ ఐలాండ్ అనే చోట వాళ్ళు పెట్టిన ప్రదర్శనకు దాదాపు 27,000 మంది వచ్చారు. ఆ జూలైలో 'వన్ లవ్' పాట 4వ స్థానానికి వెళ్ళింది.

రెండో ఆల్బమ్‌కు అంతకన్నా మంచి సమయం ఉండదు. జనం ఎదురు చూస్తున్నారు, పత్రికలు ఎదురు చూస్తున్నాయి. సరిగ్గా అప్పుడే బండి ఆగింది.

ఆ కాగితంలో ఏముంది?

పేరు పెరిగాక బ్యాండ్ తన ఒప్పందాన్ని మళ్ళీ చూసుకుంది. సిల్వర్‌టోన్ నుంచి బయటికి వచ్చి వేరే కంపెనీకి వెళ్ళాలనుకుంది. సిల్వర్‌టోన్ కోర్టుకు వెళ్ళింది. 1990 సెప్టెంబరులో, వేరే లేబుల్‌కు రికార్డు చేయకుండా బ్యాండ్ మీద స్టే లాంటి ఉత్తర్వు తెచ్చుకుంది. అంటే ఇష్టం లేని కంపెనీకి పాడాలి, లేదంటే ఊరుకోవాలి. వాళ్ళు ఊరుకున్నారు.

కేసు లండన్ హైకోర్టులో నడిచింది. లా పుస్తకాల్లో దాని పేరు సిల్వర్‌టోన్ వర్సెస్ మౌంట్‌ఫీల్డ్. ఆ మౌంట్‌ఫీల్డ్ మన మానీయే. ఒప్పందంలో బయటపడ్డ లోపాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది కాలం. ఒప్పందాన్ని పొడిగించుకునే హక్కు కంపెనీ చేతిలోనే ఉంది. ఆ గడువులు కూడా రికార్డు ఎప్పుడు విడుదలైందన్న దానికి ముడిపడి ఉన్నాయి. రికార్డు విడుదల కాకపోతే గడువు ముగియదు. అలా ఎన్నేళ్ళయినా లాగొచ్చు.

రెండోది బాధ్యత. బ్యాండ్ కంపెనీకే పాడాలి, ఇంకెవరికీ పాడకూడదు. కానీ వాళ్ళు పాడింది జనంలోకి తేవాలన్న గట్టి బాధ్యత కంపెనీ మీద లేదు. ఒక షాపు అద్దెకు తీసుకున్నవాడు తాను తెరవడు, ఇంకొకరిని తెరవనివ్వడు. అలాంటి పరిస్థితి.

మూడోది సలహా. సంతకం పెట్టేటప్పుడు బ్యాండ్ తరఫున లాయర్ ఉన్నాడు. కానీ ఆయనకు సంగీత వ్యాపారంలో అనుభవం లేదు. అవతలి వైపు ఇదే పని రోజూ చేసేవాళ్ళున్నారు.

నాలుగోది జంట కాగితాలు. ఒకటి రికార్డింగ్ ఒప్పందం, ఇంకొకటి పబ్లిషింగ్ ఒప్పందం. ఈ తేడా చాలామందికి తెలియదు. స్టూడియోలో పాడి రికార్డు చేసిన ఆ శబ్దం ఒక ఆస్తి. ఆ పాటకు రాసిన మాటలు, కట్టిన బాణీ ఇంకో ఆస్తి. రేపు అదే పాటను వేరేవాళ్ళు పాడినా రాసినవాడికి, బాణీ కట్టినవాడికి డబ్బు రావాలి. స్టోన్ రోజెస్ రెండూ ఒకే గుంపు కంపెనీలకు ఒకేసారి ఇచ్చేశారు.

అడ్వాన్సు అంటే జీతం కాదు

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మా ఖాలా కొడుకు మొదట చూసింది అడ్వాన్సే. చాలామంది అదే చూస్తారు.

అడ్వాన్సు అంటే ఉచితంగా ఇచ్చే డబ్బు కాదు. మన వాటాలోంచి ముందే ఇచ్చి, తర్వాత కోసుకునే డబ్బు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు, ఒక్కోసారి ప్రచారం ఖర్చు కూడా పాడినవాడి ఖాతాలోనే రాస్తారు.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహ చేద్దాం. అడ్వాన్సు 5 లక్షలు. స్టూడియో, వీడియోకు 7 లక్షలు. మొత్తం 12 లక్షలు పాడినవాడి పేరు మీద పడ్డాయి. వాడి రాయల్టీ వాటా 10 శాతం. పాట హిట్టయి 50 లక్షలు వచ్చాయనుకుందాం. వాడి వాటా 5 లక్షలు. అది చేతికి రాదు, బాకీలో జమ అవుతుంది. ఇంకా 7 లక్షలు బాకీ. కంపెనీకి మిగతా 45 లక్షలు వచ్చాయి, పెట్టిన 12 లక్షలూ ఎప్పుడో తిరిగొచ్చేశాయి. అయినా ఖాతా పుస్తకంలో పాడినవాడు అప్పుల్లోనే ఉంటాడు.

ఇందులో దొంగలెక్క ఏమీ లేదు. సంతకం పెట్టిన కాగితంలో ఉన్నదే. ఈ వ్యాపారంలో చాలా పాటలు ఆడవు కాబట్టి, ఆడిన వాటి మీదే రాబట్టుకోవాలని కంపెనీల వాదన. అందులోనూ కొంత నిజముంది. కాకపోతే ఈ లెక్క తెలిసి సంతకం పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

కోర్టు ఏం చెప్పింది?

1991 మేలో తీర్పు వచ్చింది. బ్యాండ్ గెలిచింది.

ఇంగ్లండ్ చట్టంలో 'రిస్ట్రెయింట్ ఆఫ్ ట్రేడ్' అనే సూత్రం ఉంది. ఒక మనిషి తన పని తాను చేసుకుని బతికే హక్కును అవసరానికి మించి కట్టేసే ఒప్పందం చెల్లదు అని దాని సారం. కట్టడి ఉండొచ్చు, కానీ అది న్యాయంగా ఉండాలి.

ఈ దారి వేసింది అంతకుముందు 1974లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు. టోనీ మెకాలే అనే పాటల రచయిత కుర్రతనంలో, 1966లో, ఒక పబ్లిషింగ్ కంపెనీకి సంతకం పెట్టాడు. 5 ఏళ్ళపాటు రాసిందంతా వాళ్ళకే ఇవ్వాలి. రాయల్టీలు ఒక హద్దు దాటితే అది దానంతటదే 10 ఏళ్ళవుతుంది. కంపెనీ కావాలంటే నెల నోటీసుతో వదిలించుకోవచ్చు, రచయితకు మాత్రం ఆ దారి లేదు. పాటల్ని అచ్చువేయాలన్న బాధ్యత కంపెనీకి లేదు. ఇది ఒకవైపే ఉన్న ఒప్పందమని లార్డ్స్ కొట్టేశారు.

స్టోన్ రోజెస్ కేసులోనూ దాదాపు అదే జరిగింది. రికార్డింగ్ ఒప్పందం చెల్లదన్నారు. పబ్లిషింగ్ ఒప్పందం కూడా అదే బేరంలో భాగం కాబట్టి అదీ చెల్లలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఈ కేసుకు ముందు, 1990 జనవరిలో, ఈ బ్యాండ్‌కు ఇంకో పాత లేబుల్‌తో గొడవైంది. ఆ లేబుల్ వాళ్ళ పాత పాటను, వాళ్ళకు నచ్చని వీడియోతో మళ్ళీ విడుదల చేసింది. కోపంతో నలుగురూ వెళ్ళి ఆఫీసు మీద రంగు డబ్బాలు కుమ్మరించారు. పోలీసులు పట్టుకున్నారు, కోర్టు జరిమానా వేసింది. కోపం వాళ్ళ మీదే కేసు పెట్టించింది. కాగితాన్ని కాగితంతో ఎదుర్కొన్నప్పుడే పని జరిగింది.

గెలిచాక కూడా ఎందుకంత ఆలస్యం?

తీర్పు వచ్చాక బ్యాండ్ అమెరికాకు చెందిన గెఫెన్ కంపెనీతో పెద్ద ఒప్పందం చేసుకుంది. కథ అక్కడితో సుఖంగా ముగియాలి. ముగియలేదు.

సిల్వర్‌టోన్ అప్పీలుకు వెళ్ళింది. దాంతో ఇంకొంత కాలం పోయింది. అప్పీలు గొడవ తీరాక అయినా పని వేగంగా సాగాలి కదా? అదీ జరగలేదు. ఈ విషయంలో తప్పంతా పాత కంపెనీ మీద వేస్తే నిజాయితీ కాదు.

చాలాకాలం పని లేకుండా కూర్చున్న మనుషులు మళ్ళీ ఒక గదిలో చేరడం అంత తేలిక కాదు. అంతకుముందు రోజూ కలిసి వాయించేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళాం, పిల్లలు, వేరు వేరు ఊళ్ళు. చేతిలో కొత్త కంపెనీ ఇచ్చిన డబ్బుంది, తొందర పెట్టేవాళ్ళు తక్కువ. మొదటి ఆల్బమ్‌కు చాలా పాటలు బ్రౌన్, స్క్వైర్ ఇద్దరూ కలిసి రాశారు. రెండోదానికి వచ్చేసరికి ఎక్కువ పాటలు స్క్వైర్ ఒక్కడే రాశాడు. ఆల్బమ్ వెనక పేర్లు చూస్తేనే ఆ ఎడం కనిపిస్తుంది.

మొదటి ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్‌గా చేసిన జాన్ లెకీయే రెండోది మొదలుపెట్టాడు. పని సాగక 1993లో ఆయన తప్పుకున్నాడు. తర్వాత పాల్ ష్రోడర్ వచ్చాడు, చివరికి సైమన్ డాసన్ పూర్తి చేశాడు. పనిలో పెద్ద భాగం వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో జరిగింది. పల్లెటూళ్ళో పొలాల మధ్య ఉండే స్టూడియో అది. 1975లో క్వీన్ బ్యాండ్ 'బొహీమియన్ రాప్సొడీ' పని చేసింది కూడా అక్కడే.

బయట లోకం మాత్రం ఆగలేదు. 1994 ఏప్రిల్‌లో బ్లర్ బ్యాండ్ 'పార్క్‌లైఫ్' తెచ్చింది. ఆగస్టులో ఒయాసిస్ తన మొదటి ఆల్బమ్ 'డెఫినిట్‌లీ మేబీ' తెచ్చింది. ఒయాసిస్ కూడా మాంచెస్టర్ వాళ్ళే, స్టోన్ రోజెస్ పాటలు వింటూ పెరిగినవాళ్ళే. తలుపు తెరిచింది ఒకళ్ళు, లోపలికి వెళ్ళి కూర్చుంది ఇంకొకళ్ళు.

ఆల్బమ్ ఎలా ఉంది?

1994 నవంబరులో మొదటి పాట 'లవ్ స్ప్రెడ్స్' వచ్చింది. బ్రిటన్ చార్టులో 2వ స్థానం. డిసెంబరులో ఆల్బమ్ వచ్చింది. 4వ స్థానం. మామూలు బ్యాండ్ అయితే పండగ చేసుకునే ఫలితమే. వీళ్ళ విషయంలో మాత్రం జనం అంతకన్నా ఎక్కువ ఆశించారు.

పేరు గురించి ఒక మాట. 'సెకండ్ కమింగ్' అంటే రెండో రాక. హజ్రత్ ఈసా అలైహిస్సలాం మళ్ళీ వస్తారన్న నమ్మకం గురించి క్రైస్తవులు వాడే మాట అది. బ్యాండ్ దాన్ని తమ రెండో ఆల్బమ్‌కు, ఇంత ఆలస్యంగా వచ్చిన తమకే పెట్టుకుంది. గర్వం కొంత, వెటకారం కొంత. నచ్చనివాళ్ళు అప్పుడూ ఉన్నారు.

ఆల్బమ్ మొదలవ్వడమే ఆలస్యంగా మొదలవుతుంది. 'బ్రేకింగ్ ఇంటు హెవెన్' అనే మొదటి పాట 11 నిమిషాలకు పైగా ఉంటుంది. అందులో మొదటి 4 నిమిషాలకు పైగా పాటే రాదు. నీళ్ళ చప్పుడు, పక్షుల అరుపులు, అడవిలో నడుస్తున్నట్టు శబ్దాలు. అయిదేళ్ళు ఆగినవాళ్ళను ఇంకాసేపు ఆగమన్నట్టు ఉంటుంది.

తర్వాత వచ్చేది గిటార్. మొదటి ఆల్బమ్‌లో గిటార్ పల్చగా, మెరుపులా, పాటతో కలిసి నడిచేది. ఇందులో బరువుగా, ముందుకొచ్చి, పాటను పక్కకు నెట్టి నిలబడుతుంది. 'డ్రైవింగ్ సౌత్' లాంటి పాటల్లో 1970ల నాటి లెడ్ జెప్పెలిన్ ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది. స్క్వైర్ చెయ్యి ఎంత తిరిగిందో తెలుస్తుంది, పక్కనున్న ముగ్గురికీ చోటు తగ్గిందని కూడా తెలుస్తుంది.

మంచి పాటలు లేవా అంటే ఉన్నాయి. 'టెన్ స్టోరీ లవ్ సాంగ్' వింటే పాత స్టోన్ రోజెస్ మళ్ళీ వచ్చారనిపిస్తుంది. 'టైట్‌రోప్'లో గొంతులు కలిసే తీరు బాగుంటుంది. 'డేబ్రేక్' నలుగురి పేరు మీదా ఉన్న పాట. నలుగురూ ఒకేచోట కూర్చుని వాయించినట్టే ఉంటుంది. నా మటుకు నాకు ఆల్బమ్‌లో బాగా నచ్చింది అదే. ఇంకొన్ని చోట్ల మాత్రం పాట అయిపోయినా గిటార్ అయిపోదు.

చివర్లో చాలాసేపు ఖాళీగా నడిచి, సీడీలో 90వ ట్రాక్ దగ్గర ఒక దాచిపెట్టిన ముక్క వస్తుంది. సరదాగా వాయించిన గోల తప్ప పాట కాదు. అప్పట్లో పిల్లలు అది దొరికిందని ఒకరికొకరు చెప్పుకునేవారు.

విడుదలప్పుడు వాళ్ళు చేసిన ఒక పని మాత్రం నాకు గౌరవం తెప్పించింది. అన్నేళ్ళ మౌనం తర్వాత మొదటి ఇంటర్వ్యూ కోసం పెద్ద సంగీత పత్రికలన్నీ ఎదురు చూస్తున్నాయి. దాన్ని వాళ్ళు 'ది బిగ్ ఇష్యూ'కు ఇచ్చారు. ఇల్లు లేని మనుషులు వీధుల్లో అమ్ముకుని బతికే పత్రిక అది. సంగీత పత్రికలకు కోపం వచ్చింది.

తర్వాత ఏమైంది?

ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే, 1995లో, డ్రమ్స్ వాయించే రెనీ వెళ్ళిపోయాడు. ఆ వేసవిలో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పెద్ద ప్రదర్శన ఉంది. దానికి ముందు స్క్వైర్ సైకిల్ మీంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ బదులు పల్ప్ అనే బ్యాండ్ వేదికెక్కి పేరు తెచ్చుకుంది. 1996లో స్క్వైర్ కూడా తప్పుకున్నాడు.

స్క్వైర్ స్థానంలోకి వచ్చిన గిటారిస్టు పేరు అజీజ్ ఇబ్రహీం. పాకిస్తాన్ నుంచి వెళ్ళి మాంచెస్టర్‌లో స్థిరపడ్డ ముస్లిం కుటుంబం అబ్బాయి. అంతకుముందు సింప్లీ రెడ్ బ్యాండ్‌తో వాయించాడు. 1996 ఆగస్టులో రీడింగ్ ఉత్సవంలో స్టోన్ రోజెస్‌తో వేదికెక్కాడు. పాత నలుగురిలో అప్పటికి మిగిలింది బ్రౌన్, మానీ ఇద్దరే. ఆ ప్రదర్శనను పత్రికలు చీల్చి చెండాడాయి. అక్టోబరులో బ్యాండ్ మూతపడింది.

అజీజ్ మాత్రం ఆగిపోలేదు. ఇయాన్ బ్రౌన్ సొంతంగా చేసిన మొదటి ఆల్బమ్‌లో పని చేశాడు. తర్వాత 2000లో తన సొంత ఆల్బమ్ తెచ్చాడు. దాని పేరు 'లాహోర్ టు లాంగ్‌సైట్'. లాంగ్‌సైట్ అంటే మాంచెస్టర్‌లో మన ఉపఖండం వాళ్ళు ఎక్కువగా ఉండే పేట. ఎక్కడి నుంచి వచ్చామో, ఎక్కడ పెరిగామో రెండూ పేరులోనే చెప్పుకున్నాడు.

పాత నలుగురూ 2011లో మళ్ళీ కలిసి, 2012లో మాంచెస్టర్ హీటన్ పార్కులో పాడారు. జనం పోటెత్తారు. కానీ మూడో ఆల్బమ్ రాలేదు. అంత పేరున్న బ్యాండ్ మొత్తం చేసింది రెండే స్టూడియో ఆల్బమ్‌లు.

సలహా తీసుకున్నవాడి కథ వేరు

'సెకండ్ కమింగ్' వచ్చిన ఏడాదే, 1994 జూన్‌లో, లండన్ హైకోర్టులో ఇంకో తీర్పు వచ్చింది. గాయకుడు జార్జ్ మైకేల్ సోనీ కంపెనీ ఒప్పందం నుంచి బయటపడాలని అదే సూత్రంతో వాదించాడు. ఓడిపోయాడు.

కారణం? ఆయన ఒప్పందం కుర్రతనంలో గుడ్డిగా చేసుకున్నది కాదు. మంచి లాయర్లను పెట్టుకుని, బేరమాడి, మార్పించుకుని చేసుకున్నది. అలాంటి సంతకానికి కోర్టు విలువ ఇస్తుంది. అంటే సంతకం పెట్టేసి తర్వాత కోర్టు చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. చాలా బేరాలు సంతకానికి ముందే తేలాలి.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

మనకూ ఆ సూత్రం ఉంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 27 ప్రకారం, మనిషి న్యాయమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. కాకపోతే ఒప్పందం నడుస్తున్న కాలంలో "మాకే పని చేయాలి" అనే షరతును మన కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. గడువు అయిపోయాక కూడా కట్టేస్తే ఒప్పుకోవు.

దీనికి అందరికీ తెలిసిన మనిషి ఉదాహరణ ఉంది. క్రికెటర్ జహీర్ ఖాన్. ఆయన వ్యాపార ఒప్పందాలు చూసే కంపెనీతో 2000లో 3 ఏళ్ళకు ఒప్పందం చేసుకున్నాడు. గడువు అయ్యాక వేరే కంపెనీకి వెళ్ళాలంటే, వాళ్ళు ఇస్తామన్న బేరం ముందు మాకు చూపించాలి, అంతే ఇస్తే మాతోనే ఉండాలి అని అందులో షరతు ఉంది. 2006లో సుప్రీంకోర్టు ఆ షరతు గడువు తర్వాత చెల్లదని చెప్పింది.

పాటల విషయంలో కాపీరైట్ చట్టం ఇంకొన్ని రక్షణలు ఇస్తుంది. హక్కులు రాసివ్వడం లిఖితపూర్వకంగా, సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని లెక్క. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేకుంటే, ఆ హక్కు రద్దవుతుంది. 2012 సవరణ తర్వాత సినిమా పాటల రచయితలు, సంగీత దర్శకులు థియేటర్ బయట వచ్చే రాయల్టీలో తమ వాటాను పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడం కుదరదు. సినిమాలో భాగం కాని పాటలకూ ఇలాంటి రక్షణే ఉంది.

"వేరేలా లేకుంటే" అన్న మాటను గమనించండి. చట్టం ఇచ్చిన గడువులు చాలావరకు కాగితంలో ఏమీ రాయనప్పుడే పనిచేస్తాయి. కంపెనీ కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అని రాసి ఉంటే ఆ రక్షణ పోయినట్టే.

ఇంకో సంగతి. 18 ఏళ్ళు నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం మన చట్టంలో చెల్లదు. అందుకే అమ్మానాన్నల సంతకం అడుగుతారు. సంతకం పెట్టేది మీరే, కాబట్టి చదవాల్సింది కూడా మీరే.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. ఈ ఒప్పందం ఏ తేదీన ముగుస్తుంది? తేదీ లేకుంటే రాయించండి. పొడిగింపు ఉంటే ఎన్నిసార్లో, ఇద్దరూ ఒప్పుకోవాలో లేదో అడగండి.

2. ఇచ్చిన పాటను ఎన్ని నెలల్లో విడుదల చేస్తారు? చేయకపోతే పాట తిరిగి మనకు వస్తుందా?

3. అడ్వాన్సు తప్ప ఇంకే ఖర్చులు మన ఖాతాలో రాస్తారు? లెక్కలు ఎన్నాళ్ళకోసారి చూపిస్తారు?

4. రికార్డింగ్ ఒక్కటేనా, మాటలు, బాణీ హక్కులు కూడా తీసుకుంటున్నారా? యూట్యూబ్ ఛానెల్ ఎవరి పేరు మీద ఉంటుంది?

5. గొడవ వస్తే ఏ ఊరి కోర్టు? ముంబయి అని రాస్తే ఖమ్మం నుంచి తిరగడం ఎవరివల్లా కాదు.

కాపీరైట్ కేసులు చూసే లాయరుకు ఒకసారి చూపిస్తే ఫీజు కొంత అవుతుంది. పెళ్ళి వీడియోకు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

మా వాడు ఆ ఎల్లుండి సంతకం పెట్టలేదు. లాయరుకు చూపించి, మూడు ప్రశ్నలు రాసి కంపెనీకి పంపాడు. గడువు తేదీ రాయడానికి ఒప్పుకున్నారు. విడుదల గురించి ఇంకా మాటలు నడుస్తున్నాయి. ఖాలాకు మాత్రం కంగారుగా ఉంది. "ఛాన్స్ పోతే మళ్ళీ వస్తుందా బేటా?" అని నాకు రెండుసార్లు ఫోన్ చేసింది.

నేను ఆమెకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. ఛాన్స్ మళ్ళీ రావచ్చు ఖాలా. ఇరవై ఏళ్ళ వయసులో అయిదేళ్ళు పోతే మాత్రం, కోర్టు కూడా వెనక్కి ఇప్పించలేదు.